చేబదులు జన్యువులు: 1992లో మద్రాసు కలరా చెప్పిన సంగతి

(చెన్నైలో తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో ఒక మైక్రోబయాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర ఇద్దరు శ్రోతల ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను దాదాపు ముప్పై ఏళ్ళుగా పిల్లలకు బ్యాక్టీరియా గురించి చెబుతున్నాను. ఈ సాయంత్రం మన ఊళ్ళోనే బయటపడిన ఒక సంగతి చెప్పాలని వచ్చాను. దీని గురించి మనవాళ్ళకు పెద్దగా తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1992 అక్టోబరు. అప్పటికి ఇది ఇంకా మద్రాసే. నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. కలరా మాకు కొత్త కాదు. ల్యాబ్‌లో దాన్ని గుర్తుపట్టే పరీక్ష కూడా తేలికే. గాజు పలక మీద ఒక ఉప్పునీటి చుక్క వేస్తాం. అనుమానం ఉన్న బ్యాక్టీరియాను సూదిమొనంత తీసి అందులో కలుపుతాం. చుక్క పల్చటి మజ్జిగలా తయారవుతుంది. అప్పుడు దానికి ఓ1 అనే రకం కలరాను గుర్తుపట్టే సీరం ఒక చుక్క కలిపి, పలకను రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఊపుతాం. కలరా అయితే ఆ మజ్జిగ కాసేపట్లోనే విరుగుతుంది. తెల్లటి పలుకులు కట్టి, మధ్యలో నీరు తేటపడుతుంది. అది చూస్తే ఇంకో అనుమానం అక్కర్లేదు.

ఆ ఏడాది ఒక మధ్యాహ్నం మా టీచర్ పలక నా చేతికిచ్చి "ఊపమ్మా" అన్నారు. ఊపాను. విరగలేదు. ఇంకాసేపు ఊపాను. మజ్జిగ మజ్జిగలాగే ఉంది. ఆ నమూనా వచ్చిన రోగికి చూస్తే అచ్చం కలరానే: బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు, లోపలికి పోయిన కళ్ళు, చేతి చర్మం పట్టి లాగితే అలాగే ముడతపడి నిలబడిపోవడం. మిగతా పరీక్షలన్నీ కూడా కలరా బ్యాక్టీరియా అనే చెబుతున్నాయి. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఒప్పుకోవడం లేదు.

కారణం చెబుతాను. కలరా బ్యాక్టీరియాకు ఒంటి మీద చక్కెర గొలుసులతో నేసిన ఒక పై పొర ఉంటుంది. చొక్కా అనుకోండి. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టేది ఆ చొక్కానే, ల్యాబ్‌లో సీరం గుర్తుపట్టేదీ దాన్నే. అప్పటికి 138 రకాల చొక్కాలు శాస్త్రవేత్తల లెక్కలో ఉన్నాయి. కానీ పెద్ద ఎత్తున కలరా తెచ్చేది ఓ1 ఒక్కటే, మిగతావి ఎక్కడో ఒక ఇంట్లో ఇద్దరికి విరేచనాలు తెప్పించి ఊరుకునేవి. మద్రాసులో కనిపించిన ఈ బ్యాక్టీరియా ఆ 138 సీరాల్లో దేనికీ కలవలేదు. అందుకే దానికి ఓ139 అని పేరు పెట్టారు.

అది ఇక్కడితో ఆగలేదు. మదురై, వెల్లూరు, తర్వాత కలకత్తా, అక్కడి నుంచి బంగ్లాదేశ్. 1993 మొదటి నెలల్లో ఒక్క బంగ్లాదేశ్‌లోనే లక్షకు పైగా కేసులు వచ్చాయి. కలరా తరచూ వచ్చే చోట పెద్దవాళ్ళకు అంతకుముందు తగిలిన కలరా వల్ల కొంత రక్షణ ఉంటుంది, ఎక్కువగా పడిపోయేది పిల్లలు. ఈసారి పెద్దవాళ్ళు పడిపోయారు. వాళ్ళ ఒంటికి తెలిసింది పాత చొక్కా. కొత్త చొక్కాలో వచ్చినవాణ్ణి అది ఆపలేకపోయింది.

తర్వాత దాని జన్యువులు చదివితే తేలిందేమిటంటే, లోపల ఉన్నది ఎక్కడి నుంచో వచ్చిన కొత్త జీవి కాదు, మన పాత ఓ1 కలరానే. జన్యువుల రాత, అంటే డీఎన్ఏ, అక్షరాల వరస అనుకోండి. చొక్కా నేసే జన్యువులు ఉండే చోట సుమారు 22 వేల అక్షరాల ముక్క పోయి, దాని స్థానంలో సుమారు 35 వేల అక్షరాల వేరే ముక్క వచ్చి కూర్చుంది. ఆ ముక్క ఓ22 అనే ఇంకో రకం కలరా బ్యాక్టీరియా జన్యువులకు చాలా దగ్గరి పోలికలో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పరిణామం అంటే మనకు బడిలో చెప్పింది ఏమిటి? తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి జన్యువులు వస్తాయి, మధ్యలో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది, ఆ తప్పు పనికొస్తే నిలుస్తుంది. అది నిజమే. కానీ 35 వేల అక్షరాలు ఒక వరసలో, తప్పుల్లేకుండా, ఒక్కసారిగా పుట్టుకురావడం అలా జరగదు. అది ఎవరో రాసిపెట్టినది తెచ్చుకోవడం. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని మనకో సామెత ఉంది కదా. బ్యాక్టీరియాకు తాతల నెయ్యితోనే గడపాల్సిన అవసరం లేదు. పక్కింటికి వెళ్ళి ఒక గిన్నెడు తెచ్చుకుంటుంది. కాగితం లేదు, సాక్షి లేదు. మన భాషలో దీనికి మంచి మాట ఉంది: చేబదులు.

ఈ చేబదులు జరిగే దారులు ప్రధానంగా మూడు. చచ్చిన పొరుగువాడి డీఎన్ఏ నీళ్ళలో తేలుతుంటే దాన్ని లోపలికి లాక్కోవడం ఒకటి. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఎలుకల్లో న్యుమోనియా బ్యాక్టీరియాతో మొదట చూసింది దీన్నే. వైరస్ మోసుకురావడం రెండోది. బ్యాక్టీరియాలను పట్టుకునే వైరస్‌లు ఉన్నాయి, వాటిని ఫేజ్‌లు అంటాం. మూడోది రెండు బ్యాక్టీరియాలు ఒకదాన్నొకటి ఆనుకుని నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం. 1946లో జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ చూపించారు. పుస్తకాల్లో ఈ మూడింటినీ మూడు వేరే వేరే అధ్యాయాలుగా చదువుకుంటాం. మన మద్రాసు కలరా ఒంట్లో మూడు దారుల గుర్తులూ కనిపిస్తాయి. అందుకే నాకు ఆ బ్యాక్టీరియా మీద ఇంత మమకారం.

చొక్కా సంగతి చూద్దాం. కలరా బ్యాక్టీరియా అసలు ఇల్లు మన పేగు కాదు, సముద్రపు ఒడ్డున ఉప్పూ తీపీ కలిసే నీళ్ళు. అక్కడ అది రొయ్యలు, పీతలు, కంటికి కనీకనిపించనంత చిన్న నీటి పురుగుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది. కాశిమేడు నుంచి రొయ్యలు తెచ్చుకుని ఇంట్లో ఒలుస్తాం కదా. పెంకు తీస్తుంటే వేళ్ళకు పల్చగా, గాజు కాగితంలా తగులుతుంది చూడండి, అది కైటిన్ అనే పదార్థం. బ్యాక్టీరియాకు అది తిండి. 2005లో అమెరికాలో ఒక పరిశోధక బృందం గమనించిన విషయం ఏమిటంటే, మామూలు నీళ్ళలో ఉన్నంతసేపు ఈ బ్యాక్టీరియా బయటి డీఎన్ఏ జోలికి పోదు. రొయ్య పెంకు మీద, పీత డిప్ప మీద కూర్చోగానే మాత్రం డీఎన్ఏను లోపలికి లాక్కునే యంత్రాంగం మొత్తం మేలుకుంటుంది. రెండేళ్ళ తర్వాత అదే పద్ధతిలో, కైటిన్ మీద పెంచిన ఓ1 బ్యాక్టీరియాకు ఓ139 డీఎన్ఏ అందిస్తే చొక్కా మార్చుకుంటుందని చూపించారు. 1992లో సముద్రంలో ఎక్కడో జరిగినది సరిగ్గా ఇలాగే జరిగిందా అంటే, చూసినవాళ్ళు లేరు. జరగడానికి దారి ఉందని మాత్రం ల్యాబ్‌లో కళ్ళకు కట్టింది.

ఆ లాక్కోవడం ఎలా ఉంటుందో 2018లో సూక్ష్మదర్శిని కింద వీడియో తీశారు. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బ్యాక్టీరియా ఒంట్లోంచి ఒక సన్నటి పోగు బయటికి వస్తుంది. దాని కొస నీళ్ళలో తేలుతున్న డీఎన్ఏకు తగులుకుంటుంది. పోగు వెనక్కి ముడుచుకుంటుంది, డీఎన్ఏ దాంతో పాటు లోపలికి వస్తుంది. గాలం వేసి చేపను లాగడం అంటే అచ్చంగా అదే. ఇంకో సంగతి. 2015లో స్విట్జర్లాండ్‌లో మెలానీ బ్లోకెష్ బృందం చూసింది: కైటిన్ మీద ఉన్నప్పుడు ఇది పక్కవాడు చచ్చేదాకా కూడా ఆగదు. ఒంట్లో ఈటెలాంటి పరికరం ఉంది, దాంతో పక్కనున్న వేరే రకం బ్యాక్టీరియాను పొడుస్తుంది. అది పగిలి డీఎన్ఏ బయటపడితే గాలం వేస్తుంది. దీన్ని చేబదులు అనడం కష్టం, దోపిడీ అనాలి.

రొయ్యలు తినొచ్చా అని అడగబోతున్నారు, మీ మొహాల్లో కనిపిస్తోంది. బాగా ఉడికించి తినండి, ఏ భయమూ లేదు. కానీ ఈ నీటి పురుగుల విషయంలో ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. బ్యాక్టీరియా ఆ పురుగులను పట్టుకుని ఉంటుందన్నాను కదా. పురుగును వడకడితే బ్యాక్టీరియా కూడా చాలావరకు ఆగిపోవాలి. రీటా కోల్‌వెల్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్ళు బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళకు ఒక పాత నూలు చీరను కనీసం నాలుగు మడతలు వేసి, బిందె మూతికి కట్టి నీళ్ళు పట్టమన్నారు. కలరా 48 శాతం తగ్గింది. 2003లో అచ్చయిన ఫలితం ఇది. కొత్త చీర కంటే ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర బాగా పనిచేస్తుంది, పోగులు దగ్గరపడి కన్నాలు చిన్నవవుతాయి. మా నాయనమ్మ మంచినీళ్ళ బిందెకు గుడ్డ కట్టేది. ఎందుకని అడిగితే "నలుసులు పడతాయే" అనేది. ఆ నలుసుల్లో ఏముందో ఆమెకు తెలియదు, కానీ గుడ్డ కట్టకుండా ఏనాడూ నీళ్ళు పట్టలేదు.

సరే, రెండో చేబదులు. నిజానికి వరసలో ఇదే మొదటిది, చాలా పాతది. సముద్రంలో ఉండే కలరా జాతి బ్యాక్టీరియాల్లో ఎక్కువ భాగం మనకు కలరా తెప్పించలేవు, వాటి దగ్గర విషం లేదు. ఆ విషం ఉందని తేల్చింది మనవాడే: 1959లో కలకత్తాలో శంభునాథ్ డే, కుందేలు పేగు ముక్కను రెండు చోట్ల దారంతో కట్టి, మధ్యలో బ్యాక్టీరియాను తీసేసిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించి చూశారు. పేగు నీళ్ళతో ఉబ్బింది. బ్యాక్టీరియా లేకపోయినా విషం ఉంటే చాలని రుజువైంది. ఆయన బతికి ఉండగా మన దేశంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఈ మాట ఇలాంటి సభల్లోనైనా చెప్పుకోవాలి.

ఆ విషాన్ని తయారుచేసే జన్యువు ఎక్కడిదో 1996లో తెలిసింది. మ్యాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ అనే ఇద్దరు దాన్ని బయటపెట్టారు. అది బ్యాక్టీరియా సొంతం కాదు, ఒక ఫేజ్‌ది. దారప్పోగు ఆకారంలో ఉండే ఆ వైరస్ బ్యాక్టీరియాలోకి దూరి, తన డీఎన్ఏను దాని డీఎన్ఏలో అతికించి కూర్చుంది. కూర్చున్నప్పుడు విషం జన్యువును కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇంకా చిత్రం చూడండి. కలరా మన పేగులో నిలదొక్కుకోవడానికి ఒక రకం పోగులు కావాలి. ఆ ఫేజ్ బ్యాక్టీరియాలోకి వచ్చే తలుపు కూడా ఆ పోగులే. అంటే పేగును పట్టుకోగలిగిన బ్యాక్టీరియాకే విషం అందింది. మనం శతాబ్దాలుగా కలరా అని భయపడుతున్న జబ్బు ఒక వైరస్ ఇచ్చి పోయిన సరుకు.

ఇక మూడోది. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

మద్రాసులో 1992లో సేకరించిన ఓ139 బ్యాక్టీరియా ఒకటి అమెరికా ల్యాబ్‌కు చేరింది. అది సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్ మందులకు లొంగడం లేదు. ఈ జన్యువులన్నీ ఒక మూటలో ఉన్నాయని 1996లో తేల్చారు. ఆ మందుల పేర్లలోని అక్షరాలతోనే ఆ మూటకు ఎస్‌ఎక్స్‌టీ అని పేరు పెట్టారు. దాదాపు లక్ష అక్షరాల మూట. మామూలుగా బ్యాక్టీరియా డీఎన్ఏలో ఒకచోట ఒదిగి కూర్చుని ఉంటుంది. సమయం వచ్చినప్పుడు అక్కడి నుంచి ఊడి, గుండ్రంగా చుట్టుకుని, పక్క బ్యాక్టీరియాలోకి దాని నకలు పోతుంది. అక్కడ మళ్ళీ అదే చోటు వెతుక్కుని అతుక్కుంటుంది.

పోవడం అంటే ఏమిటో నేను ప్రతి ఏటా పిల్లలకు చేసి చూపిస్తాను. ఈ-కోలై అనే పేగు బ్యాక్టీరియా రెండు రకాలు తీసుకుంటాం. ఒకదానికి టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంది. ప్లాస్మిడ్ అంటే అసలు డీఎన్ఏకు విడిగా ఉండే చిన్న ఉంగరం, ఆ పేరు పెట్టింది లెడర్‌బర్గే, 1952లో. రెండోదానికి స్ట్రెప్టోమైసిన్ తట్టుకునే గుణం ఉంది, కానీ అది దాని సొంత డీఎన్ఏలో ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. రెండు మందులూ కలిపిన అగర్ ప్లేట్ మీద మొదటిదాన్ని పూస్తే చస్తుంది, రెండోదాన్ని పూస్తే చస్తుంది. రెండింటినీ ఒక గొట్టంలో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో, కదపకుండా ఒక గంట ఉంచుతాం. తర్వాత పూస్తాం. మర్నాడు పొద్దున పిల్లలు ఇంక్యుబేటర్ తలుపు తీసి మూడు ప్లేట్లు బల్ల మీద పెడతారు. రెండు ప్లేట్లు తుడిచినట్టు ఖాళీ. మూడోదాని మీద ఆవగింజలంత తెల్లటి చుక్కలు, లెక్కపెట్టగలిగినన్ని. గదిలో ఒకరూ మాట్లాడరు. పాఠంలో పదిసార్లు విన్నదాన్ని కంటితో చూసినప్పుడు పిల్లల మొహం మారుతుంది చూడండి, దాని కోసమే నేను ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేశానేమో అనిపిస్తుంది.

చేబదులు అన్నాను గానీ ఇక్కడ ఒక తేడా ఉంది. చేబదులిస్తే ఇచ్చినవాడి చేతిలో అంత తగ్గుతుంది. ఇక్కడ తగ్గదు. డీఎన్ఏ రెండు పేటల తాడు కదా. ఇచ్చేవాడు ఒక పేటను పంపి, తన దగ్గర మిగిలిన పేటకు జోడీ మళ్ళీ రాసుకుంటాడు. పుచ్చుకున్నవాడూ అంతే చేస్తాడు. చివరికి ఇద్దరి దగ్గరా పూర్తి జన్యువు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు. పుచ్చుకున్నవాడు అక్కడి నుంచి మూడోవాడికి ఇవ్వగలడు.

మళ్ళీ ఎస్‌ఎక్స్‌టీకి వద్దాం. సమయం వచ్చినప్పుడు ఊడుతుందన్నాను. ఆ సమయం ఎప్పుడు? మామూలు రోజుల్లో ఒక ప్రోటీన్ ఆ మూటకు తాళం వేసి ఉంచుతుంది. బ్యాక్టీరియా డీఎన్ఏకు దెబ్బ తగిలి, లోపల ప్రమాద ఘంటిక మోగితే ఆ తాళం తెగిపోతుంది. మూట బయలుదేరుతుంది. వాల్డర్ బృందం 2004లో చూపించింది ఇదే. అలా దెబ్బ కొట్టే వాటిలో మనందరికీ తెలిసిన మందు ఒకటి ఉంది: సిప్రోఫ్లోక్సాసిన్. చాలామంది ఇంట్లో మందుల డబ్బాలో ఇప్పుడు కూడా ఒక అట్ట ఉండే ఉంటుంది.

దీని అర్థం జాగ్రత్తగా చూడండి. యాంటీబయాటిక్ వాడితే బలహీనమైనవి చచ్చి, తట్టుకునేవి మిగులుతాయని అందరికీ తెలుసు. అది ఏరివేత. ఇది ఇంకో మెట్టు పైన ఉంది. చంపలేనంత కొద్దిగా మందు తగిలినప్పుడు, అదే మందు జన్యువుల మూటను పక్కవాళ్ళ ఇళ్ళకు తోలుతోంది. పైగా ఆ మూటలో ఉన్నది సిప్రోఫ్లోక్సాసిన్‌ను తట్టుకునే జన్యువు కూడా కాదు, వేరే మందులవి. ఒక మందు వాడితే ఇంకో మూడు మందులు పనిచేయకుండా పోయే దారి తెరుచుకుంటోంది. జలుబుకు, వైరల్ జ్వరానికి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రెండు మాత్రలు మింగి ఊరుకునేవాళ్ళను చూస్తే నాకు గుండె ఝల్లుమనేది ఇందుకే.

ఓ139 తర్వాత్తర్వాత తగ్గిపోయింది, 1994 నాటికే ఓ1 మళ్ళీ ముందుకొచ్చింది. కానీ మూట మిగిలింది. ఆ తర్వాత ఆసియాలో కనిపించిన ఓ1 కలరాలో చాలావరకు ఎస్‌ఎక్స్‌టీ కుటుంబం మూటలు ఉన్నాయి. 2010లో హైతీలో వేలమందిని చంపిన కలరాలోనూ అదే కుటుంబానికి చెందిన మూట ఉంది. చొక్కా వచ్చి పోయింది, జేబులోది మాత్రం చేతులు మారుతూనే ఉంది.

ఈ మూటల్లోకి జన్యువులు చేరే తీరు కూడా చూడాలి. కొన్ని జన్యువులు ఒకచోటి నుంచి ఇంకో చోటికి ఎగురుతాయి, వాటిని ట్రాన్స్‌పోజాన్లు అంటాం. అలా ఎగురుతాయని మొదట మొక్కజొన్నలో చూసి, ఎవరూ నమ్మకపోయినా పట్టు వదలని బార్బరా మెక్లింటాక్‌కు 1983లో నోబెల్ వచ్చింది. ఇంటెగ్రాన్ అని ఇంకొకటి ఉంది. ఇది వచ్చిన జన్యువులను ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చోబెడుతుంది. మన పెళ్ళి బంతిలా అన్నమాట. వడ్డన ఒక చివర మొదలవుతుంది. మొదట కూర్చున్న జన్యువుకు వడ్డన బాగా అందుతుంది, అంటే అది గట్టిగా పనిచేస్తుంది. చివర కూర్చున్నదానికి అందీ అందనట్టు. ప్రమాద ఘంటిక మోగితే ఈ ఇంటెగ్రాన్ కూడా మేలుకుని బంతిలో కూర్చున్నవాళ్ళను లేపి మార్చి కూర్చోబెడుతుంది. ఇంటెగ్రాన్ ట్రాన్స్‌పోజాన్‌లో ఉంటుంది, ట్రాన్స్‌పోజాన్ ప్లాస్మిడ్ మీద ఉంటుంది, ప్లాస్మిడ్ బ్యాక్టీరియాలో, బ్యాక్టీరియా మన పేగులో, మనం విమానంలో.

విమానం ఎందుకన్నానంటే, ఎన్‌డీఎమ్-1 గుర్తుందా? ఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడన్‌కు వెళ్ళిన ఒక రోగిలో 2008లో బయటపడిన జన్యువు. కార్బపెనెమ్ మందులను, అంటే ఐసీయూలో చివరికి మిగిలే మందులను ముక్కలు చేస్తుంది. ఆ జన్యువు పుట్టుకే అతుకులు: దాని మొదటి కొస ఇంకో జన్యువు నుంచి ఊడొచ్చి అంటుకున్న ముక్క. 2010లో వచ్చిన పెద్ద పరిశోధనకు మొదటి రచయిత మన మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారసామి. అందులో ఆ జన్యువు దొరికిన చెన్నై నమూనాలు 44, హర్యానావి 26, బ్రిటన్‌వి 37, భారత్, పాకిస్తాన్‌లలో మిగతా చోట్లవి 73. చాలావాటిలో జన్యువు ప్లాస్మిడ్ మీదే ఉంది. ఎన్‌డీఎమ్‌లో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. పేరులో ఢిల్లీ ఎందుకని పెద్ద రగడ జరిగింది. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ పేరు గొడవలో అసలు సంగతి వెనక్కి పోయింది. మరుసటి ఏడాది ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్ళు, కుళాయి నీళ్ళు పరీక్షించారు. నిలిచిన నీళ్ళ నమూనాలు 171లో 51 చోట్ల, కుళాయి నమూనాలు 50లో రెండు చోట్ల ఆ జన్యువు దొరికింది. అంతవరకు ఆ జన్యువు ఉందని తెలియని జాతుల్లో కూడా కనిపించింది. వాటిలో ఒకటి కలరా బ్యాక్టీరియా.

మా పెద్దమామయ్య నెల్లూరు నుంచి ఇక్కడి ఒక ఆసుపత్రికి ఆపరేషన్‌కు వచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆరో రోజు జ్వరం. కల్చర్ రిపోర్ట్ నా చేతికిచ్చారు. క్లెబ్సియెల్లా అని బ్యాక్టీరియా పేరు పైన రాసి ఉంది, కింద మందుల పేర్లు, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే ఆ మందుకు లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. పేజీ చివర కొలిస్టిన్ ఎదురుగా ఒక్క ఎస్. నేను ఇలాంటి రిపోర్టులు పాఠంలో చూపించేదాన్ని. ఆ రోజు మంచం పక్కన నిలబడి చదవడం వేరు. మామయ్య బతికారు, కిడ్నీలు మాత్రం మునుపటిలా లేవు. ఆ బ్యాక్టీరియా ఆయన వెంట వచ్చిందో, ఆసుపత్రిలో అంటుకుందో ఎవరూ చెప్పలేదు. నేను అడిగాను, సమాధానం రాలేదు. ఇప్పటికీ నాకు ఆ కోపం పోలేదు. మంచం నుంచి మంచానికి చేతుల మీద, గొట్టాల మీద ఇవి ఎలా పోతాయో తెలిసిన కాలంలో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం ఆసుపత్రి పని.

మన ఊరు చేసిన మంచి కూడా చెప్పాలి. 2012లో వైద్య సంఘాలన్నీ ఇక్కడే కూర్చుని, యాంటీబయాటిక్‌ల వాడకాన్ని అదుపులో పెట్టాలని రాసుకున్నదాన్ని చెన్నై డిక్లరేషన్ అంటారు. 2014లో హెచ్1 షెడ్యూల్ వచ్చింది, దాని కింద ఉన్న మందులను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రాసిపెట్టాలి. కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద ఎక్కిందని 2015లో చైనా నుంచి కబురు వచ్చింది. 2019లో మన దేశం కోళ్ళ దాణాలో, పశువుల్లో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. మామయ్య రిపోర్టులో మిగిలిన ఆ ఒక్క ఎస్ ఉంది చూడండి, ఆ మందు గురించే ఇదంతా.

నా సమయం అయిపోయింది. ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక శ్రోత: మేడమ్, మనం ఆ మందు వాడకం మానేస్తే, అక్కర్లేని బరువు కాబట్టి బ్యాక్టీరియా ఆ జన్యువును వదిలేస్తుంది కదా?)

చాలా మంచి ప్రశ్న బాబూ. కొంతవరకు నిజం. ప్లాస్మిడ్ మోయడానికి ఖర్చవుతుంది, మోయనివి త్వరగా పెరుగుతాయి. కానీ ప్లాస్మిడ్‌కు తన స్వార్థం తనకు ఉంది. ఉదాహరణకు ఈ-కోలైలోని ఎఫ్ ప్లాస్మిడ్ రెండు ప్రోటీన్లు తయారుచేస్తుంది, ఒకటి విషం, ఒకటి విరుగుడు. విషం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా కరిగిపోతుంది. కణం రెండుగా విడిపోయినప్పుడు ఒక పిల్లకు ప్లాస్మిడ్ అందలేదనుకోండి. తల్లి నుంచి వచ్చిన విరుగుడు కరిగిపోతుంది, కొత్తది తయారుచేసే జన్యువు లేదు, విషం మిగిలి ఉంటుంది. ఆ పిల్ల చస్తుంది, లేదా పెరుగుదల ఆగిపోతుంది. వదిలించుకుందామంటే అంత తేలిక కాదు. పైగా ఒకే ప్లాస్మిడ్ మీద పది మందుల జన్యువులు ఉంటే, ఒక్క మందు మానేసి తొమ్మిది వాడుతున్నంతకాలం అది అక్కడే ఉంటుంది. మానేస్తే తగ్గుతుంది, కానీ తగ్గడానికి పట్టే కాలం పెరగడానికి పట్టిన కాలం కంటే చాలా ఎక్కువ.

(ముందు వరసలో ఒక పెద్దావిడ: అమ్మా, మనం రోజూ తినే పెరుగులో కూడా బ్యాక్టీరియానే కదా. అవి కూడా ఇలాగే ఇచ్చిపుచ్చుకుంటాయా?)

ఇచ్చిపుచ్చుకుంటాయండి పెద్దమ్మగారూ. పాలను తోడుకునేలా చేసేవాటిలో లాక్టోకాకస్ అని ఒకటి ఉంది. దాని పూర్వీకులు ఆకుల మీద, మొక్కల మీద బతికినవని అంటారు. అక్కడ పాలు ఎక్కడివి? పాలలోని చక్కెరను అరిగించుకునే జన్యువులు, పాల ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైము జన్యువు, డెయిరీల్లో వాడే రకాల్లో చాలావరకు ప్లాస్మిడ్‌ల మీదే ఉంటాయి. పాలలో బతకడం అది నేర్చుకున్నది ఆ ప్లాస్మిడ్‌లతోనే. మీరు రాత్రి తోడు వేసే చెంచాలో ఆ ఒక్క బ్యాక్టీరియానే ఉండి, అది ఆ ప్లాస్మిడ్‌లను పోగొట్టుకుంటే, పొద్దున గిన్నె మూత తీసి చూసేసరికి పాలు పాలలాగే ఉంటాయి.